గోడ మీద పదకొండు గాజు పట్టీలు

ప్రతి నెల ఒకటో తేదీ ఉదయం ఏడు గంటలకు నేను ఒక రిజిస్టరు, ఒక పెన్సిలు, ఒక టార్చిలైటు తీసుకుని మా చాల్ మెట్లు ఎక్కుతాను. వర్షమైనా, పండుగైనా, జ్వరమైనా ఈ క్రమం తప్పదు. పద్ధెనిమిదేళ్ళలో ఒక్క కాలంలో మాత్రం ఆ రిజిస్టరు ఖాళీగా ఉండిపోయింది. ఆ ఖాళీకి కారకుణ్ణి నేనే గనుక దాని సంగతి నేనే రాయాలి.

కామాటిపురలో మా చాల్, అంటే ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఉండే పాత కట్టడం, మూడంతస్తులది. టేకు దూలాలు, సున్నంతో కట్టిన ఇటుక గోడలు, ప్రతి అంతస్తుకూ పొడవాటి గ్యాలరీ. పాలమూరు నుంచి వచ్చి ఈ నగరానికి గోడలు కట్టినవాళ్ళు మా పూర్వీకులు. మా నాన్న మేస్త్రీ. నేను తాపీ పట్టలేదు. సుద్దముక్క పట్టి, మున్సిపాలిటీ తెలుగు బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. నాన్న వృత్తి నుంచి నాకు మిగిలింది ఒక్క అలవాటు.

గోడలో పగులు కనబడితే మా నాన్న వెంటనే పూడ్చేవాడు కాదు. పగులుకు అడ్డంగా, వేలెడు పొడవున, పలుచని గాజు పట్టీ ఒకటి పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాసేవాడు. గాజు నిలిచి ఉంటే పగులు ఆగినట్టు. గాజు విరిగితే గోడ కదులుతున్నట్టు. మనిషి చూపును నమ్మకూడదని, ఆశ ఉన్నవాడికి పగులు సన్నగానూ భయం ఉన్నవాడికి వెడల్పుగానూ కనిపిస్తుందని ఆయన అనేవాడు. గాజుకు ఆశా లేదు, భయమూ లేదు. ఫాక్‌లాండ్ రోడ్డులో పటాలు కట్టే దుకాణంలో మిగిలిపోయిన గాజు ముక్కలతో మా చాల్‌లో పదకొండు పట్టీలు పెట్టాను. రిజిస్టరులో పదకొండు గడులు. ప్రతి గడిలోనూ నిలిచిందా, విరిగిందా, పగులులోకి పెన్సిలు మొన ఎంత దిగింది అన్న వివరం.

వాటిలో తొమ్మిదో పట్టీ రెండో అంతస్తు మూల గదిలో, మోరి గట్టుకు పైన ఉండేది. మోరి అంటే గదిలోనే ఒక మూల గిన్నెలు తోముకునే చోటు. ఆ గదిలో మా వదిన ఉంటుంది. వరసకు వదిన, ఆమె భర్త మా నాన్న దగ్గర పని నేర్చుకున్నాడు గనుక నేను అన్నా అని పిలిచేవాణ్ణి. ఆయన పోయి చాలా కాలమైంది. పాలమూరు నుంచి ఇప్పటికీ కూలి పనికి వచ్చేవాళ్ళకు ఆమె రోజూ జొన్నరొట్టెలు చేసి ఇస్తుంది. పొద్దున బస్సెక్కేముందు వాళ్ళు మెట్ల దగ్గర వరుస కడతారు. గది ఇంకా భర్త పేరు మీదే ఉంది. మార్పించమని మూడుసార్లు చెప్పాను. "పేరు మారిస్తే ఆయన నిజంగనే పోయినట్టయితది సారు" అని నవ్వి తప్పించుకుంది.

అటువంటి స్థితిలో ప్రభుత్వ మరమ్మతుల ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. పాత భవనాలను ఇకపై ఒక ఇంజనీరింగ్ కళాశాల పరిశోధకులు ఫొటోలు తీస్తారని, న్యూరల్ నెట్‌వర్క్ అనే యంత్రవిద్య ఆ ఫొటోలను చదివి ఏ గోడ ప్రమాదకరమో చెబుతుందని, దానిని బట్టి మరమ్మతుల వరుస నిర్ణయిస్తారని అందులో ఉంది. చాల్ కమిటీ కార్యదర్శిని నేనే. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి మొదటిసారి కంటే తక్కువ నమ్మకం కలిగింది.

మా పేటలో గోడలను ఫొటో తీయడానికి వచ్చినవాడు ఆ గోడల మేలు కోరి వచ్చిన సందర్భం నాకు గుర్తు లేదు. మొదట ఫొటో, తరువాత నోటీసు, ఆ తరువాత ట్రాన్సిట్ క్యాంపు. నగరానికి ఆ చివర పెట్టెల్లాంటి గదులు. తిరిగి రావడం దైవాధీనం. పైగా యంత్రాల మీద నాకు స్వానుభవం ఉంది. పెన్షనుకు బ్రతికే ఉన్నానని చూపించుకోవడానికి ఫోను ముందు ముఖం పెడితే, అది నాలుగుసార్లు నేను నేను కాదంది. అయిదోసారి ఏ కారణం చేత ఒప్పుకుందో చెప్పలేదు. కారణం చెప్పని ఆమోదం కూడా నాకు అనుమానాస్పదమే.

మెట్ల మలుపు దగ్గర మీటింగు పెట్టాను. వదిన పిండి చేతులతోనే వచ్చింది.

"క్యాంపుకు పంపితే నా పేరేడుంది సారు? అద్దె రసీదు మీద మీ అన్న పేరు. ఆయనను పైనుంచి పిలుస్తరా సంతకానికి?"

"అందుకే చెప్పాను మార్పించమని."

"ఇప్పుడు తిట్టు, రేపు చెయ్యి. మా రొట్టెలోళ్ళు ఆ క్యాంపు దాక వస్తరా? రెండు బస్సులు మారి రొట్టె తినెటోడు ఎవడుంటడు?"

ఎవరూ నవ్వలేదు. ఆమె బ్రతుకు ఆ మూల గదికి, ఆ మెట్లకు కట్టుబడి ఉంది. మిగిలినవాళ్ళకు ఎవరో ఒకరు బంధువులున్నారు. ఆమెకు గది ఉంది.

నేను తీర్పు చెప్పాను. యంత్రం చూసేది పైపై గోడనే గనుక, పైపై గోడ నిర్దోషంగా కనిపించాలి. పదకొండు గాజు పట్టీలూ తీసేద్దాం. పగుళ్ళన్నీ పూడ్చి, నునుపు చేసి, సున్నం కొడదాం. గుడిసెల్లో ఉండేవాళ్ళకు ఈ ఆలోచన వచ్చినా చేతకాదు. మాకు చేతనైంది. అదే మా దురదృష్టం. గోడలు కట్టిన జాతి వాళ్ళం. ముసలివాళ్ళు కూడా అటకల మీది తాపీలు దింపారు. మూడు రోజుల్లో గోడలు అద్దాల్లా తయారయ్యాయి. అతుకు ఎక్కడుందో వేసినవాడు కూడా చూపించలేనంత పనితనం.

వదిన తన గది తానే పూసుకుంది. ఆడవాళ్ళను సున్నం తట్ట, గమేలా, మోయడానికే తప్ప తాపీ పట్టడానికి రానివ్వని రోజుల్లో, భర్త పక్కన నిలబడి చూసి నేర్చుకున్న చేయి అది.

"పెండ్లిచూపులా సారు, గోడకు ఇంత పౌడరు రాస్తున్నం?"

"మాటలు తగ్గించి పని చూడండి వదినా."

"మాట ఆగితె చెయ్యి ఆగుతది. మొగపెండ్లోళ్ళు గోకి చూడరు గద?"

తొమ్మిదో పట్టీని నేనే ఊడదీశాను. అది విరిగి లేదు. ఆ సంగతి రిజిస్టరులో రాసి, కింద గీత గీశాను.

కాగితంలో చెప్పిన రోజున ఆ కళాశాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఒక పొడవాటి కర్రకు బిగించిన కెమెరా, ఒక ఫోను. నమస్కారం పెట్టి తెలుగులో మాట్లాడింది. అది నేను ఊహించనిది. ఊహించనివి నాకు నచ్చవు.

"మాది సోలాపూర్ సార్. ఇంట్ల తెలుగే. సగం మరాఠీ కలుస్తది, నవ్వొద్దు."

"నేను నవ్వను. ఈ యంత్రానికి పగులంటే ఏమిటో ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలే సార్, చూపించినం. పగిలిన గోడలవి, మంచి గోడలవి వేల ఫొటోలు. ప్రతి దాని పక్కన ఇది ఇది అని జవాబు రాసి పెడ్తం. అది తప్పు చెప్తే లోపలి లెక్కలను కొంచెం కొంచెం సవరించుకుంటది. మళ్ళ చూపిస్తం. అట్ల నేర్చుకుంటది."

"అంటే మీరు దానికి సూత్రం ఏదీ ఇవ్వలేదు."

"సూత్రం అదే తయారు చేసుకుంటది సార్."

"దాన్ని మీరు చదవగలరా?"

"పూర్తిగా చదవలేం సార్."

దారి చూపకుండా జవాబు మాత్రమే రాసిన విద్యార్థికి నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఒక్క మార్కు వేయలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె చిన్నబుచ్చుకోలేదు. వాళ్ళ నాన్న దుప్పట్ల కార్ఖానాలో నేత తప్పులు కంటితో పట్టే పని చేసేవాడట. ఇప్పుడు ఆ మగ్గాల మీద కెమెరాలున్నాయి. తెగిన పోగును ఆయన కంటే ముందే పడతాయి. కానీ పైన ట్యూబులైటు మిణుకుమంటే మంచి దుప్పటిని కూడా చెడిందంటాయి. అందుకని ఆయనను ఉద్యోగం నుంచి తీయలేదు, యంత్రం పక్కన నిలబెట్టారు. ఆసుపత్రుల్లో ఎక్స్‌రేలు చదవడానికి కూడా ఇదే విద్య వాడుతున్నారని చెప్పింది. ఎవరు పక్కన నిలబడుతున్నారని అడిగాను. డాక్టరు, అంది.

వదిన తలుపు దగ్గర నిలబడి అంతా వింది.

"బిడ్డా, నీ మిషిన్‌కు నా మొగం చూపియ్యి. ఎన్ని పగుళ్ళున్నయో లెక్క చెప్తది."

"అవ్వా, అది గోడలకే."

"నేను గూడ గోడనే. ఇరవై ఏండ్లు ఇటుకలు మోసిన నెత్తి ఇది."

ఆ అమ్మాయి నవ్వుతూనే గది నాలుగు గోడలూ ఫొటో తీసింది. తిరిగి వెళ్తూ గ్యాలరీలో ఆగి, "సార్, ఇంత పాత చాల్‌ల ఒక్క పగులు గూడ లేదా?" అని అడిగింది.

"కట్టినవాళ్ళు మావాళ్ళు" అన్నాను. అది అబద్ధం కాదు. అబద్ధం కానిదాన్ని అబద్ధానికి వాడుకున్నాను.

పదిహేను రోజులకు ఫలితం వచ్చింది. ప్రతి గదికీ ఒక రంగు. ఎరుపు అంటే ప్రమాదం, పసుపు అంటే జాగ్రత్త, ఆకుపచ్చ అంటే క్షేమం. మా చాల్ అంతా ఆకుపచ్చ. గ్యాలరీల్లో నన్ను అభినందించారు. యంత్రాన్ని ఓడించానన్న తృప్తి నాకు కలిగిందని ఒప్పుకుంటున్నాను. కాగితం రెండో పేజీలో ఇంకో వాక్యం ఉంది: ప్రమాదం లేనందున మా చాల్ మరమ్మతుల వరుసలో చివరకు మార్చబడినది. ఆ వాక్యాన్ని నేను ఎవరికీ చదివి వినిపించలేదు.

తరువాతి నెల ఒకటో తేదీన, ఏడు గంటలకు, అలవాటు చొప్పున రిజిస్టరు తీసుకుని మెట్లెక్కాను. మొదటి చోట నిలబడి టార్చి వేశాను. తెల్లటి గోడ. రెండో చోట తెల్లటి గోడ. పదకొండు చోట్లా అంతే. గడుల్లో రాయడానికి ఏమీ లేదు. యంత్రం కళ్ళు కప్పుతున్నాననుకుని నా కళ్ళే కప్పుకున్నానని మూడో అంతస్తులో, సున్నం వాసన మధ్య, అర్థమైంది. అయినా ఎవరితోనూ అనలేదు. వానాకాలం మొదలైంది. మరో నెలా గడులు ఖాళీగానే పోయాయి.

వానలు ముదిరిన రోజుల్లో ఆ అమ్మాయి గొడుగుతో మళ్ళీ వచ్చింది, కమిటీ కార్యదర్శికి కృతజ్ఞతా పత్రం ఇవ్వడానికి. సంతోషంగా ఉంది.

"సార్, మా దగ్గర పాత సున్నం గోడల్ల మంచివాటి ఫొటోలు చాల తక్కువుండె. పగిలినవే ఎక్కువ. మీ చాల్ దొరికింది. మీ గోడలన్నిటిని మంచి గోడలని జవాబు రాసి, నేర్పే ఫొటోల్ల కలిపినం. ఇప్పుడు పాత పేటలన్నిట్ల ఇదే వాడ్తం."

ఆ పత్రం నా చేతిలో ఉంది. జీవితమంతా పాఠ్యపుస్తకంలో ఒక్క తప్పు కనిపిస్తే ప్రచురణకర్తకు ఉత్తరం రాసిన మనిషిని. ఇప్పుడు నేను తప్పుడు పాఠం రాసి ఇచ్చాను. అది నేర్చుకున్నది బడికి పోయే యాభైమంది పిల్లలు కాదు, నగరంలో ప్రతి పాత గోడ ముందూ నిలబడబోయే కన్ను. పూసిన పగులును చూసి ఇది ఆరోగ్యం అనడం దానికి నేను నేర్పాను. ఆమెకు టీ ఇప్పించి పంపించాను. నిజం చెప్పలేదు. వదిన గది గుర్తొచ్చి చెప్పలేదని నాకు నేను సమాధానం చెప్పుకున్నాను.

నాలుగు రోజుల తరువాత ఉదయం వదిన మా తలుపు తట్టింది. చేతిలో ఖాళీ చెంబు.

"సారు, జర వచ్చి చూడు. నీళ్ళు మోరిలకు పోతలేవు. మంచం కిందికి పోతున్నయి."

"మోరి పూడుకుపోయి ఉంటుంది."

"పూడితే నిలబడ్తయి. ఇవి నడుస్తున్నయి."

వెళ్ళాను. ఆమె గది మధ్యలో చెంబెడు నీళ్ళు పోసింది. నలభై ఏళ్ళుగా మోరి వైపు పారిన నీళ్ళు క్షణం ఆగి, వెనక్కి తిరిగి, మెల్లగా మంచం వైపు సాగాయి. గచ్చు వాలింది. గచ్చు వాలిందంటే కింది దూలం జరిగింది. గోడ మాత్రం పెళ్ళికూతురులా తెల్లగా ఉంది.

నేను ఆమెకు ఉన్నదున్నట్టు చెప్పాను. నిజం ఒప్పుకుంటే గది ఎరుపవుతుంది, ఖాళీ చేయమనవచ్చు. ఒప్పుకోకపోతే గచ్చు ఏనాడు దిగుతుందో తెలియదు. మరమ్మతుల వరుసలో మనల్ని చివరకు తోసిన సంగతి కూడా అప్పుడే చెప్పాను.

ఆమె ఖాళీ చెంబు గచ్చు మీద పెట్టింది. "ఈ రెండో పేజీ సంగతి మాకెందుకు చెప్పలే సారు?"

నేను ఒంగి, నీళ్ళు ఎంత దూరం సాగాయో చూశాను.

"పొద్దుగాల ఆరుగురు కూలోళ్ళు ఈ గచ్చు మీద కూసోని తింటరు" అంది. "వాన పడ్డప్పుడు మెట్ల మీద తిననియ్య. లోపటికి పిలుస్త."

ఆపైన మంచం కింది నుంచి తాపీ తీసింది. "నేనే పూసిన. నేనే తీస్త. నువ్వు టార్చి పట్టు."

తాపీ పిడితో కొట్టింది. రెండు దెబ్బలకు అద్దంలాంటి పూత పెచ్చుగా ఊడింది. తొమ్మిదో చోటు పగులు బయటపడింది. రిజిస్టరులో ఆఖరిసారి రాసింది: పెన్సిలు మొన దిగుతుంది, గాజు నిలిచింది. ఇప్పుడు నా పెన్సిలు సగం వరకు లోపలికి పోయింది. పగులులోంచి తడి చల్లదనం వేళ్ళకు తగిలింది.

ఆ మధ్యాహ్నమే ఆ అమ్మాయికి ఫోను చేశాను. సాయంత్రానికి వచ్చింది. మెట్ల మీద నిలబడి మొత్తం వరుసగా చెప్పాను: గాజు పట్టీలు, పూత, సున్నం, నా మాట. సంజాయిషీ చెప్పుకోలేదు. ఆమె కోపగించుకుంటుందని సిద్ధపడ్డాను. ఆమె తడి మెట్టు మీదే కూర్చుంది.

"సార్, మీరు చెప్పినరు. చెప్పనోళ్ళు ఎందరున్నరో నాకెట్ల తెలుస్తది? ఇప్పుడు ఏ మంచి గోడ ఫొటో చూసినా నాకు నమ్మకం రాదు."

"రాకూడదు" అన్నాను. అంతకంటే ఓదార్పు మాట నాకు తెలియదు.

మా చాల్ ఫొటోలన్నీ నేర్పే వాటిలోంచి తీసేసి, మొదటినుంచి మళ్ళీ నేర్పించాలని, అది కొన్ని వారాల పని అని చెప్పింది. తరువాత నా చంకలోని రిజిస్టరు చూసి అడిగింది. పేజీలు ఒక్కొక్కటిగా తిప్పింది. యంత్రానికి ఒక గోడ ఒక్క క్షణమే తెలుసని, ఒకే పగులు పద్ధెనిమిదేళ్ళు నెల నెలా ఎలా నడిచిందో చెప్పే కాగితం వాళ్ళ ప్రయోగశాలలో ఒక్కటీ లేదని అంది. తీసుకెళ్ళి వారంలో ఇస్తానంది.

"గడప దాటదు" అన్నాను. "ఇక్కడ కూర్చుని, నా ఎదుట, చేత్తో రాసుకోండి."

మూడు సాయంత్రాలు వచ్చి రాసుకుంది. వదిన రొట్టె పెట్టేది. "తిని రాయి బిడ్డా. సారు రాత కళ్ళు తీస్తది, నా రొట్టె పళ్ళు తీస్తది" అనేది.

ఆమె రాసిన నివేదికతో పాటు నా సంతకంతో ఒప్పుకోలు ఉత్తరం కూడా మరమ్మతుల ఆఫీసుకు వెళ్ళింది. మూల గది ఎరుపయింది. నేను భయపడినట్టే ఆ గదిని ఖాళీ చేయమన్నారు. అయితే చాల్ మొత్తాన్ని కాదు. ఆ ఒక్క గదిని, దూలం మార్చే వరకు. నోటీసులో ఆమె భర్త పేరే ఉంది. నేను ఆఫీసుకు అయిదుసార్లు వెళ్ళి, ఆ నోటీసు వెనుకనే ఆమె పేరు రాయించి, ముద్ర వేయించుకున్నాను. ఆరోసారి వెళ్ళి ఆ ముద్ర వాళ్ళ పుస్తకంలో కూడా ఎక్కిందో లేదో చూసుకున్నాను. ఎక్కలేదు. ఎక్కించాను. ఆమె క్యాంపుకు పోలేదు. కింది అంతస్తులో కమిటీ గది ఖాళీ చేసి ఇచ్చాం. నా రిజిస్టర్ల బీరువా పక్కన ఆమె పొయ్యి. రిజిస్టర్లకు ఇప్పుడు జొన్నపిండి వాసన.

కుళ్ళిన దూలం తీసి ఇనుప దూలం వేయడానికి చలికాలం దాటింది. పగుళ్ళ మీద పూతలన్నీ మేమే ఊడ్చేశాం. పటాల దుకాణం నుంచి కొత్త గాజులు తెచ్చి పదకొండు చోట్లా పెట్టాను. గడుల పక్కన ఇంకో గడి గీసి, యంత్రం చెప్పిన రంగు కూడా రాస్తున్నాను. నా అంచనా, ఆ రంగు ఏకీభవించని చోట ఎర్ర సిరా. ఎర్ర సిరా ఇంతవరకు నాలుగు చోట్ల వాడాను. ఒకచోట యంత్రానిది తప్పు. ఒకచోట నాది. మిగిలిన రెండింటి విషయం గాజు చెప్పాలి. ఆ అమ్మాయి ఇప్పుడు ఫొటో తీసేముందు గోడను వేళ్ళ కణుపులతో తట్టి వింటుంది. నేను పక్కన ఉన్నా తడుతుంది. అందులో నాకు అవమానం ఏమీ కనిపించలేదు.

ఈ నెల ఒకటో తేదీన వదిన తన గదిలోకి తిరిగి వచ్చింది. పెట్టె దించకముందే చెంబు అందుకుంది. నేను, ఆ అమ్మాయి గడపలో నిలబడ్డాం. గది నడుమ నీళ్ళు పోసింది. నీళ్ళు కాసేపు కదలలేదు. తరువాత సన్నని పాయ ఒకటి మోరి వైపు సాగి, గట్టు దగ్గరి తూములోకి బుడుంగుమని దిగింది.

"రాసుకో సారు" అంది వదిన.

"రేపు మరొకసారి పోయండి వదినా" అన్నాను. "అప్పుడు రాస్తాను."